టాక్సీ లెక్కలో ఆ 3 ఎక్కడిది?

ఎన్.సి.ఇ.ఆర్.టి. 2006లో వెలువరించిన తొమ్మిదో తరగతి గణిత పుస్తకంలో ఒక టాక్సీ లెక్క ఉండేది. ఒక నగరంలో మొదటి కిలోమీటరుకు ఛార్జీ 8 రూపాయలు, ఆపైన ప్రతి కిలోమీటరుకు 5 రూపాయలు. దూరం ఎక్స్ కిలోమీటర్లు, మొత్తం ఛార్జీ వై రూపాయలు అనుకొని సమీకరణం రాయండి, గ్రాఫు గీయండి అన్నారు. మీలో కొందరు ఈ లెక్క చేసే ఉంటారు. మొదటి కిలోమీటరు పోగా మిగిలిన దూరం ఎక్స్ – 1. కాబట్టి వై = 8 + 5(ఎక్స్ – 1). సవరిస్తే వై = 5ఎక్స్ + 3. పుస్తకం వెనక ఇచ్చిన జవాబు కూడా ఇదే, కాకపోతే 5ఎక్స్ – వై + 3 = 0 అన్న రూపంలో.

జవాబు కలిసింది, మార్కులూ వచ్చాయి. ఇప్పుడొక చిన్న ప్రశ్న. లెక్కలో 8 ఉంది, 5 ఉంది. జవాబులోకి వచ్చి కూర్చున్న ఈ 3 ఎక్కడిది? ఆ నగరంలో ఈ 3 రూపాయలు ఎవరు ఎవరికి ఇస్తున్నారు?

పుస్తకం ఈ ప్రశ్న అడగలేదు. నా ఫిర్యాదు ప్రధానంగా ఇదే. సరళరేఖ సమీకరణాన్ని వై = ఎమ్ఎక్స్ + సి రూపంలో రాస్తే ఎమ్‌ను వాలు అంటారు, సి ని అంతరఖండం అంటారు. వాలు అంటే ఎక్స్ ఒక్కటి పెరిగితే వై ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య. అంతరఖండం అంటే ఎక్స్ సున్న అయినప్పుడు వై విలువ, అంటే రేఖ నిలువు అక్షాన్ని ఖండించే చోటు. ఇంతవరకు నిర్వచనాలు. వీటిని గుర్తుపట్టడం ఎవరికైనా ఒక్క పూటలో వస్తుంది. ఆ రెండు సంఖ్యలు ఏం చెబుతున్నాయో వినడం దగ్గరే మన పుస్తకాలు చేయి వదిలేస్తాయి.

గ్రాఫు గీయడానికి విద్యార్థి ఏం చేస్తాడు? ఎక్స్‌కు సున్న ఇస్తే సులువు కనుక ముందు సున్న ఇస్తాడు. వై = 3 వస్తుంది. ఎక్స్ = 1 అయితే 8. రెండు బిందువులు పెట్టి స్కేలు ఆన్చి గీత గీస్తాడు. ఆ గీత ప్రకారం టాక్సీ కదలకముందే 3 రూపాయలు, అర కిలోమీటరుకు 5 రూపాయల 50 పైసలు. కానీ లెక్కలో చెప్పినదేమిటి? మొదటి కిలోమీటరులో ఎంత దూరం వెళ్లినా 8 రూపాయలే. అంటే అసలు గ్రాఫు ఒక గీత కాదు, రెండు గీతలు. సున్న నుంచి 1 వరకు 8 ఎత్తులో అడ్డంగా సాగే గీత. దాని వాలు సున్న, అంతరఖండం 8. ఆ తర్వాత 5 వాలుతో పైకి లేచే గీత. రెండూ (1, 8) దగ్గర కలుస్తాయి. రెండో గీతను వెనక్కి పొడిగిస్తే నిలువు అక్షాన్ని 3 దగ్గర తాకుతుంది. కానీ ఆ పొడిగించిన ముక్క మీద ఏ ప్రయాణికుడూ ఉండడు. వై = 5ఎక్స్ + 3 అన్నది ఎక్స్ విలువ 1 గాని అంతకంటె ఎక్కువ గాని అయినప్పుడే చెల్లుతుందని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది.

అలాగని ఆ 3 కు అర్థం లేదనుకోకండి. మొదటి కిలోమీటరుకు కూడా 5 రూపాయలే అసలు ధర అనుకుంటే, వసూలు చేసింది 8. తేడా 3. అంటే ఎక్కినందుకు పడే రుసుము అది. కనీస ఛార్జీ లోపల దాక్కుని ఉంది. ఏ బోర్డు మీదా రాయరు. అంతరఖండం కనుక్కుంటే బయటపడుతుంది.

ఇది పుస్తకంలోని పేరు లేని నగరం సంగతి. పేరున్న నగరానికి వెళదాం. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి మరునాడు హౌరాలో దిగారనుకోండి. మీరు వెళ్లవలసింది న్యూ టౌన్. కోల్‌కతాకు తూర్పున రాజార్‌హాట్ పొలాలు, చెరువులు ఉన్న చోట, 1999లో ఏర్పడిన హిడ్కో అనే ప్రభుత్వ సంస్థ కట్టించిన కొత్త పట్టణం అది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాల ఆవరణలు, నడుమ బిశ్వ బంగ్లా గేటు అనే పెద్ద తోరణం. హౌరా నుంచి ఆ గేటు దాకా లెక్క కోసం 16 కిలోమీటర్లు అనుకుందాం. పసుపు టాక్సీ ఎక్కారు.

కోల్‌కతా మీటరు టాక్సీకి మొదటి 2 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12 రూపాయలు ఉన్న రేటును 2018లో మార్చారు. మొదటి 2 కిలోమీటర్లకు 30, ఆపైన కిలోమీటరుకు 15 చేశారు. రెండింటికీ సమీకరణాలు రాసి చూడండి. పాత రేటు: వై = 25 + 12(ఎక్స్ – 2), అంటే వై = 12ఎక్స్ + 1. కొత్త రేటు: వై = 30 + 15(ఎక్స్ – 2), అంటే వై = 15ఎక్స్.

గమనించారా? కొత్త రేటులో అంతరఖండం మాయమైంది. రేఖను వెనక్కి పొడిగిస్తే సరిగ్గా మూలబిందువు గుండా పోతుంది. పాత రేటులో దాక్కున్న ఎక్కుడు రుసుము ఒక్క రూపాయి. కొత్త రేటులో అదీ లేదు. కనీస ఛార్జీ అన్నది కేవలం రెండు కిలోమీటర్ల ధర, అంతకంటె తక్కువ దూరం వెళ్లేవాడు కూడా ఆ రెంటికీ చెల్లించాలి, అంతే. ఒక్క కిలోమీటరు వెళ్లి దిగినవాడికి రేఖ 15 అంటుంది, మీటరు 30 అంటుంది. ఆ ముక్క రేఖది కాదని పైన చెప్పుకున్నాం.

ఇంకొక సంగతి చూడండి. కనీస ఛార్జీ 25 నుంచి 30 అయిందంటే వినడానికి 5 రూపాయలు పెరిగినట్టు, నూటికి 20 చొప్పున పెరిగినట్టు ఉంటుంది. న్యూ టౌన్ వెళ్లే మన ప్రయాణికుడికి ఎంత పెరిగింది? పాత లెక్కన 12 × 16 + 1 = 193 రూపాయలు. కొత్త లెక్కన 15 × 16 = 240. తేడా 47 రూపాయలు, నూటికి 24 పైచిలుకు. ఎందుకని? దగ్గరి ప్రయాణికుడి జేబును కనీస ఛార్జీ తాకుతుంది, దూరపు ప్రయాణికుడి జేబును వాలు తాకుతుంది. వాలు 12 నుంచి 15 అయింది, అంటే నూటికి 25 పెరిగింది. ఊరు చివర కొత్త పట్టణంలో ఉండేవాడు రేట్ల ప్రకటనలో చూడవలసింది మొదటి అంకెను కాదు, రెండోదాన్ని.

కోల్‌కతా టాక్సీ ఇంతకంటె మంచి పాఠం కూడా ఒకప్పుడు చెప్పింది. మరమీటర్ల కాలంలో, 2000 దశకం చివరలో, ఆ ఊళ్లో మీటరు చూపిన అంకె ఛార్జీ కాదు. మీటరు అంకెను రెట్టింపు చేసి, 2 రూపాయలు కలిపితే వచ్చేది ఛార్జీ. రేట్లు పెరిగినప్పుడల్లా వేలాది మీటర్ల లోపలి పళ్లచక్రాలు మార్చడం కష్టం కనుక, మీటరును అలాగే ఉంచి లెక్కను మార్చేవారు. డ్రైవర్ల దగ్గర ఒక పట్టిక కాగితం ఉండేది. ఆ కాగితం నిండా ఉన్న అంకెలన్నిటినీ ఒక్క ముక్కలో రాయవచ్చు: ఛార్జీ = 2 × మీటరు + 2. బీజగణితం పుస్తకం తెరవని డ్రైవరు కూడా రోజూ వై = 2ఎక్స్ + 2 లో ఎక్స్‌ను ప్రతిక్షేపిస్తూ బండి నడిపాడు.

ఇక్కడ వాలు 2. దానికి ప్రమాణం లేదు, ఎందుకంటే రూపాయలను రూపాయలతోనే భాగించాం. ఇందాకటి 15 అలాంటిది కాదు. అది కిలోమీటరుకు ఇన్ని రూపాయలు అని. అంతరఖండం 2 రూపాయలు. మీటరు 10 తో మొదలయ్యేది కనుక కనీస ఛార్జీ 22. రెండు రూపాయలు మాత్రమే ఇచ్చి దిగినవాడు ఎవడూ లేడు, అయినా ప్రతి ప్రయాణికుడి ఛార్జీలోనూ ఆ రెండు రూపాయలు ఉన్నాయి. అంతరఖండం ఎక్కడా కనిపించకుండా అంతటా ఉండటం అంటే ఇదే. రెట్టింపు చేసి 2 కలపడానికి బదులు, 2 కలిపి రెట్టింపు చేస్తే ఏమవుతుంది? వాలు మారదు, అంతరఖండం 4 అవుతుంది. ప్రతి సవారీకీ రెండు రూపాయలు అదనం. కుండలీకరణాలు ఎక్కడ పెట్టాలన్నది పరీక్ష పేపరు బయట కూడా డబ్బు తెచ్చే, పోగొట్టే విషయమే.

ఇలాంటి లెక్క మన పుస్తకాల్లోకి రాకపోవడం ఒక ఎత్తు. ఉన్నది పోవడం మరొక ఎత్తు. 2022లో పాఠ్యభారం తగ్గించే పేరుతో తొమ్మిదో తరగతి పుస్తకం నుంచి రెండు చరరాశుల సమీకరణాలకు గ్రాఫులు గీసే భాగాన్ని తొలగించారు. దానితోపాటు ఆ టాక్సీ లెక్క కూడా పోయింది. లోపమున్న లెక్కే, కానీ సరిదిద్దవలసినదాన్ని తీసిపారేశారు. భారం తగ్గించాలంటే ఒకే రకం ఎక్కాలు ఇరవై ఉన్నచోట పదిహేను తీసేయవచ్చు. సంఖ్యకూ బొమ్మకూ మధ్య ఉన్న ఒక్క వంతెనను ఎందుకు తీసినట్టు?

పదో తరగతి పుస్తకంలో ఇంకొక టాక్సీ ఉంది. స్థిరమైన రుసుము కొంత, దూరాన్నిబట్టి కొంత. 10 కిలోమీటర్లకు 105 రూపాయలు, 15 కిలోమీటర్లకు 155. స్థిర రుసుమెంత, కిలోమీటరుకు ఎంత, 25 కిలోమీటర్లకు ఎంత? ఈ లెక్క నిజానికి చక్కనిది. ఇక్కడ అంతరఖండం దాక్కోలేదు, పేరుపెట్టి అడిగారు. కానీ దీన్ని ప్రతిక్షేపణ పద్ధతి అభ్యాసంలో పెట్టారు. దాంతో విద్యార్థి రెండు సమీకరణాలు రాసి, ఒకదానిలోంచి ఒక చరరాశిని తీసి, రెండోదానిలో పెట్టి, అరపేజీ నింపుతాడు. మీరు ఇలా ఆలోచించండి. దూరం 5 కిలోమీటర్లు పెరిగితే ఛార్జీ 50 రూపాయలు పెరిగింది. కాబట్టి కిలోమీటరుకు 10; ఇది వాలు. 10 కిలోమీటర్లకు దూరం ఖర్చు 100 కావాలి, ఇచ్చింది 105. మిగిలిన 5 అంతరఖండం. 25 కిలోమీటర్లకు 255. నోటితో అయిపోయింది. పద్ధతి నేర్పడానికి లెక్కను వాడుకోవడం తప్పు కాదు. లెక్కలోని అర్థాన్ని పద్ధతి కప్పేస్తే మాత్రం నష్టం విద్యార్థికే.

పదకొండో తరగతికి వచ్చేసరికి వాలు వేషం మార్చుకుంటుంది. రేఖ క్షితిజ సమాంతర అక్షంతో చేసే కోణం తీటా అయితే, టాన్ తీటాను వాలు అంటారని నిర్వచనం. జ్యామితిలో ఇది నిక్కమే. కాని ఈ నిర్వచనంతోనే మొదలుపెడితే విద్యార్థి మనసులో వాలు అంటే కోణం అని పాతుకుపోతుంది. మన టాక్సీ రేఖ వాలు 15. టాన్ విలువ 15 అయ్యే కోణం 86 డిగ్రీల పైచిలుకు. హౌరా నుంచి న్యూ టౌన్‌కు ఛార్జీ 86 డిగ్రీల కోణంలో పెరుగుతోందా? గ్రాఫు కాగితం మీద సెంటీమీటరుకు ఒక కిలోమీటరు, సెంటీమీటరుకు 10 రూపాయలు తీసుకుంటే కాగితం మీది కోణం సుమారు 56 డిగ్రీలు. సెంటీమీటరుకు 15 రూపాయలు తీసుకుంటే సరిగ్గా 45. స్కేలు మార్చగానే కోణం మారింది, వాలు మాత్రం కిలోమీటరుకు 15 రూపాయలుగానే ఉంది. పత్రికల్లో ధరల గ్రాఫులు కొండలా నిటారుగా కనిపించినప్పుడు మీరు ముందుగా అక్షాల మీది అంకెలు చూడాలి. కోణాన్ని నమ్మి మోసపోయే అలవాటుకు విత్తనం తరగతి గదిలోనే పడుతోంది.

కోణం నిజంగా పనికివచ్చేది రెండు అక్షాల మీదా పొడవులే ఉన్నప్పుడు. దానికి ఉదాహరణ న్యూ టౌన్‌లోనే ఉంది. అక్కడి ఈకో పార్కులో ప్రపంచ వింతల నమూనాలు కట్టారు. వాటిలో గిజా పిరమిడ్ ఒకటి. అసలు పిరమిడ్ మొదట 146.6 మీటర్ల ఎత్తు, అడుగు భుజంలో సగం 115.2 మీటర్లు. భాగిస్తే 1.27, అంటే 14/11. కోణం దాదాపు 52 డిగ్రీలు. ఇదే పిరమిడ్‌ను ఎంత చిన్నదిగా కట్టినా, ఆకారం తప్పకుండా కడితే వాలు 14/11 గానే ఉంటుంది. మధ్యబిందువును మూలబిందువుగా తీసుకుని ముఖం వాలును రేఖగా రాస్తే, ఎత్తు = అంతరఖండం – (14/11) × దూరం. నమూనా చిన్నదైనకొద్దీ మారేది అంతరఖండమే. ప్రాచీన ఈజిప్టు లేఖకులు దీన్ని తలకిందులుగా కొలిచేవారు: ఒక మూర ఎత్తుకు, అంటే 7 అరచేతుల వెడల్పుల ఎత్తుకు, ముఖం ఎన్ని అరచేతులు లోపలికి జరగాలి అని. ఆ కొలతను సెకెడ్ అన్నారు. గిజా పెద్ద పిరమిడ్‌కు అది ఐదున్నర. క్రీస్తు పూర్వం 1550 నాటి రైండ్ పాపిరస్‌లో ఇలాంటి లెక్కలు ఉన్నాయి. వాళ్లు కోణం ఊసెత్తలేదు. రెండు పొడవుల నిష్పత్తితోనే రాళ్లు చెక్కారు.

ఇక పదకొండో తరగతి పుస్తకంలో ఒక పాల దుకాణం ఉంది. దీన్ని తప్పకుండా చూడండి. లీటరు 14 రూపాయలైతే వారానికి 980 లీటర్లు అమ్మగలడు, 16 రూపాయలైతే 1220 లీటర్లు. ధరకూ గిరాకీకీ సరళరేఖా సంబంధం ఉందనుకుని 17 రూపాయలకు ఎన్ని లీటర్లు అమ్ముతాడో చెప్పాలి. వాలు = 240/2 = 120. కాబట్టి 1220 + 120 = 1340 లీటర్లు. పుస్తకం జవాబు కూడా ఇదే.

ధర పెంచేకొద్దీ పాలు ఎక్కువ అమ్ముడుపోయే ఊరు ఏదో కనుక్కుంటే మన పాలవాళ్లందరూ అక్కడికే తరలిపోతారు! వాలు ధన సంఖ్య రావడమే ఇక్కడ ప్రమాద ఘంటిక. అంతరఖండం కూడా కనుక్కోండి. 980 – 14 × 120 = –700. ఉచితంగా ఇస్తే వారానికి మైనస్ 700 లీటర్లు అమ్ముడవుతాయట. అంటే జనమే వచ్చి దుకాణదారుకు పాలు పోసి వెళ్లాలి. ఉత్పత్తిదారు ధరనుబట్టి ఎంత సరఫరా చేస్తాడో చెప్పే లెక్కయితే ధన వాలుకు అర్థముండేది. ప్రశ్నలో రాసింది మాత్రం గిరాకీ అని. వాలునూ అంతరఖండాన్నీ గట్టిగా చదివి వినిపించుకునే అలవాటు రాసినవారికి ఉండి ఉంటే ఈ లెక్క అచ్చయ్యేది కాదు.

ఇందులో ఇంకొక లోతైన చిక్కుంది. రెండు బిందువులు ఇచ్చి సరళరేఖ అనుకోండి అంటే ఎవరూ కాదనలేరు, ఏ రెండు బిందువుల గుండా అయినా ఒక సరళరేఖ పోతుంది. అది నిజంగా సరళరేఖేనా అన్నది మూడో బిందువు వచ్చాకే తేలుతుంది. నాలుగో, ఐదో బిందువులు వచ్చేసరికి సాధారణంగా ఏ రేఖా అన్నింటి గుండా పోదు. అప్పుడు అన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే రేఖ ఏది, దాని వాలును ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నలు పుడతాయి. ఈ ప్రశ్నల మీద ప్రపంచం చెప్పుకునే పని చేసినవారిలో ఒకరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరిన సి. ఆర్. రావు. 1920లో హడగళిలో పుట్టిన ఈ తెలుగువాడు 2023లో, 102 ఏళ్లు నిండిన వయసులో కన్నుమూశారు. ఆయన 1965లో వెలువరించిన గ్రంథం పేరులోనే సరళరేఖీయ గణాంక అనుమితి అన్న మాటలున్నాయి. ఆ గ్రంథం మీకు ఇప్పుడే అక్కరలేదు. రెండు బిందువులతో ఆగిపోయే లెక్కలు మాత్రమే చేసినవాడికి అలాంటి ప్రశ్న ఒకటుందని కూడా తెలియదు, నా బాధ అదీ.

అదే పుస్తకంలో, అదే అభ్యాసంలో, పాల దుకాణం పక్కనే ఒక రాగి కడ్డీ ఉంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని పొడవు 124.942 సెంటీమీటర్లు, 110 డిగ్రీల దగ్గర 125.134. పొడవును ఉష్ణోగ్రతలో రాయమన్నారు. మంచి లెక్కకు ఇది నమూనా. 90 డిగ్రీలకు 0.192 సెంటీమీటర్లు సాగింది. వాలు = 0.192/90 = 0.002133. అంతరఖండం = 124.942 – 20 × 0.002133, అంటే దాదాపు 124.899. ఇక్కడ అంతరఖండానికి దాపరికం లేదు, సున్న డిగ్రీల దగ్గర కడ్డీ పొడవు అది. మంచుముక్కల్లో పెట్టి కొలవవచ్చు.

లెక్క అంతటితో ఆగింది. ఇంకొక్క అడుగు వేయండి. వాలును అంతరఖండంతో భాగించండి. 0.0000171 వస్తుంది. భౌతికశాస్త్రం పుస్తకంలో రాగి దైర్ఘ్య వ్యాకోచ గుణకం చూడండి, డిగ్రీకి 0.000017 అని ఉంటుంది. లెక్క తయారుచేసినవారు అంకెలను ఊహించి రాయలేదన్నమాట, నిజమైన రాగి కడ్డీకి సరిపోయే అంకెలే ఇచ్చారు. ఆ విషయం పిల్లలకు చెప్పడం మాత్రం మరిచారు. గణితం పీరియడ్‌లో దొరికిన సంఖ్య భౌతికశాస్త్రం పట్టికలో కనబడితే కలిగే ఆనందం ఆ అభ్యాసంలో ఎవరికీ అందలేదు.

ఇప్పుడు మీరు చేయండి. సున్న డిగ్రీల దగ్గర అంతే పొడవున్న ఇనుప కడ్డీ తీసుకోండి. ఇనుము వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు 0.000012. దాని రేఖ నిలువు అక్షాన్ని రాగి రేఖ ఖండించిన చోటే ఖండిస్తుంది. వాలు మాత్రం దాదాపు 0.0015 అవుతుంది. రెండు రేఖలనూ ఒకే గ్రాఫు మీద గీయాలంటే నిలువు అక్షాన్ని సున్న నుంచి మొదలుపెడితే రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా కనిపిస్తాయి. 124.8 నుంచి మొదలుపెట్టి, సెంటీమీటరులో పదో వంతుకు గ్రాఫు కాగితం మీద రెండు సెంటీమీటర్లు ఇచ్చి చూడండి.